బాందోల్ రెడ్ వైన్: ఎంపిక నుంచి వడ్డన దాకా సమగ్ర మార్గదర్శి

దక్షిణ ఫ్రాన్స్ తీరానికి వెళ్లివచ్చిన పాఠకులూ, అమెరికా, ఐరోపాల్లో స్థిరపడిన పాఠకులూ ఈ మధ్య పదేపదే ఒకటే అడుగుతున్నారు. బాందోల్‌లో ఎంతో ఇష్టంగా రుచి చూసిన రెడ్ వైన్‌ను కొని తెచ్చుకుని ఇంట్లో తెరిస్తే వగరుకు నోరు పట్టేసిందని, పైగా పశువుల కొట్టం వాసన వచ్చిందని, సీసా పాడైపోయిందా అని వారి సందేహం. చాలా సందర్భాల్లో సీసాకు ఏమీ కాదు. మూర్వెద్ర అనే ద్రాక్షతో చేసిన వైన్‌కు కావలసిన వయసు, చల్లదనం, గాలి అందకపోవడమే అసలు కారణం. ఈ మూడింటినీ ఏ క్రమంలో సమకూర్చాలో అంచెలంచెలుగా ఇక్కడ వివరిస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మద్యం కొనడానికి కనీస వయసు 21 ఏళ్లు. మిగతా చోట్ల ఉన్నవారు అక్కడి నిబంధన ప్రకారం నడుచుకోవాలి.

1. పని మొదలుపెట్టే ముందు తెలియవలసింది

బాందోల్ మధ్యధరా సముద్రం ఒడ్డున, మార్సెయ్, తూలోన్ నగరాల మధ్య, వార్ జిల్లాలో ఉంది. బాందోల్ పట్టణంతో పాటు సనారీ సుర్ మేర్, సాన్ సిర్ సుర్ మేర్, లా కాడియెర్ దాజ్యూర్, లె కాస్తెలే, లె బోసే, ఎవెనోస్, ఒల్యూల్ కలిపి మొత్తం 8 పురపరిధుల్లోని తోటల వైన్‌కే 1941 నుంచి ఈ పేరు వాడుకునే హక్కు ఉంది.

మూర్వెద్ర చాలా ఆలస్యంగా పండే ద్రాక్ష. దానికి తల మీద ఎండ, కాళ్ల కింద నీళ్లు ఉండాలని అక్కడి రైతుల మాట. కొండవాలు మీద రాతి కట్టలు కట్టి చేసిన మెట్ల పొలాల్లో ఎండ పుష్కలంగా పడుతుంది, సముద్రపు గాలి ఆ వేడిని అదుపులో ఉంచుతుంది, ఉత్తరం నుంచి వీచే మిస్త్రాల్ గాలి గుత్తులను పొడిగా ఉంచి బూజు పట్టనివ్వదు.

పండు తొక్క మందం. వగరునిచ్చే టానిన్లు ఆ తొక్కలోనే ఉంటాయి కనుక ఈ వైన్ యవ్వనంలో మొరటుగా ఉంటుంది. రెండో గుణం ఏమిటంటే, తయారీలో గాలి తగినంత అందకపోతే మూర్వెద్ర రసంలో గంధకపు వాసనలు సులువుగా పుడతాయి. వైన్ తయారీదారులు దీనిని రిడక్షన్ అంటారు. ఇక ముందు చెప్పబోయే జాగ్రత్తల్లో సగానికి పైగా ఈ రెండు గుణాల కోసమే.

నిబంధనల ప్రకారం బాందోల్ రెడ్‌లో కనీసం సగం మూర్వెద్ర ఉండాలి. మిగతా భాగంలో ముఖ్యంగా గ్రెనాష్, సిన్సో అనే ద్రాక్షలు కలుపుతారు. కోత చేతితోనే కోయాలి. తయారైన వైన్‌ను కనీసం 18 నెలలు చెక్క పీపాల్లో ఉంచాకే అమ్మాలి.

2. సీసా ఎంచుకోవడం

మొదట రంగు చూసుకోవాలి. బాందోల్‌లో తయారయ్యేదాంట్లో ఎక్కువ భాగం లేత గులాబీ రంగు రోజే వైనే కాబట్టి, దుకాణంలో ఉత్త బాందోల్ అని అడిగితే చేతికి రోజే వచ్చే అవకాశమే ఎక్కువ. రెడ్ కావాలంటే రూజ్ అని స్పష్టంగా అడగాలి. రోజేకు ఈ మార్గదర్శిలోని పద్ధతులు వర్తించవు. దానిని చల్లబరచి ఒకటి రెండేళ్లలో తాగేయడమే సాధారణ పద్ధతి.

తరువాత పంట సంవత్సరం చూడాలి. 18 నెలల నియమం వల్ల 2022 పంట రెడ్ 2024కు గాని బజారులోకి రాదు. అంటే అలమారులో కొత్తగా కనిపించే సీసా కూడా దాదాపు రెండేళ్లది. అయినా మూర్వెద్ర లెక్కలో అది పసితనమే.

మూడోది, మూర్వెద్ర వాటా. వెనుక లేబుల్ మీద కొందరు శాతాలు రాస్తారు. రాయకపోతే అమ్మేవారిని అడగవచ్చు. 50 నుంచి 70 శాతం ఉంటే గ్రెనాష్, సిన్సోల మెత్తదనం వల్ల కాస్త ముందుగా తాగవచ్చు. 90 శాతం దాటితే ఓపిక తప్పదు. సాన్ సిర్‌లోని షాతో ప్రాదో అనే వైన్ సంస్థ దాదాపు అంతా మూర్వెద్రే వాడి, ఏళ్ల తరబడి పెద్ద పీపాల్లో ఉంచుతుంది. లా కాడియెర్ కొండ మీది షాతో ద పిబార్నోన్ రెడ్‌లో కూడా మూర్వెద్ర పదింట తొమ్మిది పాళ్లకు తగ్గదు. దొమేన్ తాంపియే సాధారణ రెడ్‌లో మిగతా ద్రాక్షల వాటా ఎక్కువ. అదే సంస్థ కబాసౌ అనే తోట నుంచి విడిగా చేసే సీసా మాత్రం పూర్తిగా మూర్వెద్ర వైపు మొగ్గుతుంది. మొదటిసారి కొనేవారు ఇలాంటి ఒకే తోట సీసా జోలికి పోకుండా సాధారణ రెడ్‌తో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. ధర తక్కువ, తెరవడానికి వేచి ఉండవలసిన కాలమూ తక్కువ.

బాందోల్ దొరకని ఊళ్లలో ఉన్నవారు అదే ద్రాక్షతో వేరే చోట చేసిన వైన్‌తో పద్ధతి నేర్చుకోవచ్చు. స్పెయిన్‌లోని హుమియా ప్రాంతంలో ఈ ద్రాక్షను మొనాస్త్రెల్ అని, ఆస్ట్రేలియాలోని బరోసాలోనూ కాలిఫోర్నియాలోని కాంట్రా కోస్టా పాత తోటల్లోనూ మతారో అని పిలుస్తారు.

కొనే ముందు సరిచూసుకోవలసినవి:

- లేబుల్ మీద బాందోల్ పేరుతో పాటు అపెలాసియోన్ (ఆ ప్రాంతం పేరు వాడుకునే హక్కు) అనే హోదా ముద్రించి ఉందా.
- ఉత్పత్తిదారు తోటలోనే సీసాలో నింపినట్టు రాసి ఉందా.
- బిరడా సీసా మూతికి సమంగా ఉందా. పైకి పొడుచుకువచ్చి ఉంటే వైన్ వేడికి గురైందని అర్థం.
- సీసా నిలువుగా పట్టుకుంటే వైన్ మట్టం మెడ దాకా ఉందా. పదేళ్ల లోపు సీసాలో మట్టం భుజం కిందికి దిగితే కొనకూడదు.
- దుకాణంలో ఆ సీసాను కిటికీ ఎండలోనో, దీపాల వేడి కిందనో నిలబెట్టి ఉంచారా.

చివరి అంశాన్ని తేలికగా తీసుకోకూడదు. పేరున్న ఉత్పత్తిదారు సీసానే అయినా ఒక వేసవి అంతా వేడి దుకాణంలో నిలబడితే దాన్ని ఏ జాగ్రత్తా బాగుచేయలేదు.

3. తోటల దగ్గరే కొనదలచినవారికి

మార్సెయ్ నుంచి తూలోన్ వెళ్లే ప్రాంతీయ రైలు బాందోల్‌లో ఆగుతుంది. ప్రయాణం ముప్పావు గంట ప్రాంతంలో ఉంటుంది. అయితే తోటలు స్టేషను పక్కన ఉండవు. లా కాడియెర్, లె కాస్తెలే కొండ ఊళ్ల చుట్టూ విస్తరించి ఉంటాయి కాబట్టి కారు ఉండాలి, లేదా టాక్సీ మాట్లాడుకోవాలి.

ఫ్రాన్స్‌లో డ్రైవర్ రక్తంలో ఆల్కహాల్ లీటరుకు 0.5 గ్రాములకు చేరకూడదు. బాందోల్ రెడ్‌లో ఆల్కహాల్ తరచుగా 14 శాతం దగ్గర ఉంటుంది. కారు నడిపేవారు ప్రతి గుక్కనూ ఉమ్మివేయాలి, లేదా అసలు తాగకూడదు. రుచి చూసి ఉమ్మడానికి అక్కడ పాత్రలు పెట్టే ఉంచుతారు. అలా చేయడం అమర్యాద కాదు, అక్కడి వృత్తిదారులంతా చేసేది అదే.

ముందుగా ఫోను చేసి వేళ అడగాలి. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా చాలాచోట్ల తలుపులు మూసి ఉంటాయి. సెప్టెంబరులో, అక్టోబరు మొదట్లో కోత పనులు సాగుతుంటాయి కనుక చిన్న తోటలవారికి మీతో మాట్లాడే తీరిక ఉండదు. జూలై, ఆగస్టుల్లో సముద్రతీర సందర్శకుల రద్దీ విపరీతం. మే, జూన్ నెలలు అన్ని విధాలా అనుకూలం.

రుచి చూసేటప్పుడు తెలుపు, రోజే, కొత్త రెడ్, పాత రెడ్ వరుస పాటించాలి. వరుస తిరగబడితే రెడ్ వగరు నాలుక మీద నిలిచి తెలుపు రుచి తెలియదు. మీరు కొనదలచిన పంటను ఎప్పుడు తెరవాలో అక్కడే అడిగి రాసుకోవాలి. ఆ వైన్ చేసినవారి కన్నా బాగా చెప్పగలవారు లేరు.

4. ఇంటికి చేర్చడం, నిల్వ ఉంచడం

విదేశాల నుంచి భారత్‌కు వచ్చే వయోజన ప్రయాణికులు సుంకం లేకుండా తలా 2 లీటర్ల దాకా మద్యం తెచ్చుకోవచ్చు. 750 మిల్లీలీటర్ల సీసాలైతే రెండు. బయటి దుకాణంలో కొన్న సీసాను చేతి సంచిలో పెట్టుకుంటే భద్రతా తనిఖీలో తీసేస్తారు కాబట్టి పెట్టెలోనే సర్దాలి. ఒక్కో సీసాను గాలి బుడగల ప్లాస్టిక్‌లో చుట్టి, మూతిని టేపుతో బిగించిన సంచిలో పెట్టి, బట్టల నడుమ పెట్టెకు సరిగ్గా మధ్యలో ఉంచాలి. సీసా పెట్టె గోడకు తగలకూడదు.

విమానాశ్రయం నుంచి ఇంటికి వచ్చే దారిలో ఏమరుపాటు పనికిరాదు. మే నెలలో హైదరాబాదులోనో విజయవాడలోనో ఎండలో ఆపిన కారు డిక్కీలో రెండు గంటలుంటే సీసాలోని వైన్ ఉడికినంత పనవుతుంది.

నిల్వకు 12 నుంచి 14 డిగ్రీల స్థిరమైన చల్లదనం, చీకటి, కదలిక లేని చోటు కావాలి. బిరడా తడిగా ఉండేలా సీసాను పడుకోబెట్టాలి. ఏళ్ల తరబడి ఉంచదలచినవారికి వైన్ కోసం చేసిన ప్రత్యేక ఫ్రిజ్ తప్పనిసరి. కరెంటు కోతల గురించి కంగారు వద్దు. తలుపు తెరవకుండా ఉంచితే సీసాలు కొన్ని గంటల దాకా చల్లదనం నిలుపుకుంటాయి.

ప్రత్యేక ఫ్రిజ్ లేనివారు సీసాను మామూలు ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పడుకోబెట్టి కొన్ని నెలలు ఉంచవచ్చు. అంతకు మించితే ఆ పొడి గాలికి బిరడా ఎండిపోతుంది, వైన్ పరిణామమూ మందగిస్తుంది. అయినా వేసవిలో 35 డిగ్రీల గదిలో బీరువాలో దాచడం కన్నా ఇది ఎంతో నయం. వంటింటి అటక మీద మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు.

దూర ప్రయాణం చేసి వచ్చిన సీసాను రెండు మూడు వారాలు కదపకుండా ఉంచి అప్పుడు తెరవాలి.

5. ఏ వయసులో తెరవాలి

బాందోల్ రెడ్ మొదటి మూడేళ్లలో నల్లటి పండ్ల రుచితో, గట్టి వగరుతో ఉంటుంది. ఆ తరువాత చాలా సీసాలు కొంతకాలం ముడుచుకుపోతాయి. పండు రుచి వెనక్కి తగ్గి వగరు మాత్రం ముందు నిలుస్తుంది. సుమారు ఎనిమిది, పదేళ్లకు మళ్లీ విచ్చుకుని తోలు, ఎండు మూలికలు, పుట్టగొడుగుల వాసనలు మొదలవుతాయి. మంచి పంట, మంచి నిల్వ కుదిరితే ఇరవై ఏళ్లు దాటినా నిలుస్తుంది.

ఈ లెక్కలు 12 నుంచి 14 డిగ్రీల నిల్వకు సంబంధించినవి. 22, 24 డిగ్రీల గదిలో ఉంచిన సీసా త్వరగా ముదురుతుంది, పైగా ఆ ముదరడం మేలైనది కాదు. అలాంటి నిల్వ తప్పనివారు కొన్న ఏడాదిలోపే, చాలినంత గాలి తగిలించి తాగేయడం మేలు.

వీలైతే ఒకే పంటవి మూడు సీసాలు కొనాలి. ఒకటి ఇప్పుడే తెరిచి, రెండోది ఎనిమిదేళ్లకు, మూడోది పన్నెండేళ్లకు తెరిస్తే ఈ ద్రాక్ష స్వభావం పుస్తకాలు చదివిన దానికన్నా బాగా బోధపడుతుంది.

6. కొత్త సీసా తెరిచే క్రమం

పదేళ్ల లోపు సీసాకు ఈ వరుస పనికివస్తుంది. రాత్రి 8 గంటలకు భోజనం అనుకుని వేళలు రాస్తున్నాను.

- ఉదయం: సీసాను నిలబెట్టాలి.
- మధ్యాహ్నం 3 గంటలకు: బిరడా తీసి, ఒక గుక్క గ్లాసులో పోసుకుని వాసన చూడాలి. 9వ అంశంలో చెప్పిన దోషాలు ఉంటే ఇప్పుడే తెలుస్తుంది, మరో సీసా వెతుక్కోవడానికి వ్యవధి ఉంటుంది.
- వెంటనే: మొత్తం వైన్‌ను వెడల్పు అడుగున్న గాజు కూజాలోకి, అంటే డికాంటర్‌లోకి, ధార కాస్త ఎత్తు నుంచి పడేలా పోయాలి.
- సాయంత్రం 5 గంటలకు: మళ్లీ ఒక గుక్క రుచి చూడాలి.
- 6 గంటలకు: ఖాళీ సీసాను మంచినీటితో, తరువాత ఒక చెంచాడు అదే వైన్‌తో కడిగి, కూజాలోని వైన్‌ను గరాటుతో తిరిగి సీసాలోకి పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి.
- 7:40కి: బయటికి తీసి వేడి చూసుకోవాలి.

వైన్‌ను తిరిగి సీసాలోకి పోయడం మన ఊళ్లలో చాలా ముఖ్యం. ఐరోపాలో కూజాను బల్ల మీదే వదిలేస్తారు, అక్కడి గది చల్లగా ఉంటుంది. మన ఇళ్లలో 30 డిగ్రీల గదిలో నాలుగు గంటలు కూజాలో ఉన్న వైన్‌లో ఆల్కహాల్ ఘాటు పైకి తేలి, పండు వాసన చప్పబడిపోతుంది. గాలి తగిలించాక వెంటనే చల్లబరిస్తే రెండు ప్రయోజనాలూ దక్కుతాయి.

సీసా కడిగే నీటికి క్లోరిన్ వాసన ఉండకూడదు. కుళాయి నీళ్లు నేరుగా వాడవద్దు.

కూజా లేనివారు శుభ్రమైన గాజు జగ్గు వాడవచ్చు. స్టీలు పాత్రతో రసాయనికంగా పెద్ద ఇబ్బంది లేదు గాని, లోపల వైన్ ఎలా ఉందో కంటికి కనబడదు.

7. పాత సీసాను తేర్చి వంచడం

పన్నెండు, పదిహేనేళ్లు దాటిన సీసాకు కొత్తదానికి చేసినట్టు గంటల తరబడి గాలి పట్టిస్తే, ఇన్నేళ్లుగా కూడుకున్న సున్నితమైన వాసనలు ఎగిరిపోతాయి. ఇక్కడ కావలసింది మడ్డిని వేరు చేయడమే. చారు మీది తేట వంచే చేతివాటం ఉన్నవారికి ఈ పని కొత్త కాదు.

తెరవడానికి కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజుల ముందు సీసాను నిలబెట్టాలి. పక్కకు అంటుకున్న మడ్డి నెమ్మదిగా జారి అడుగున చేరుతుంది. ఈ రెండు రోజులూ దాన్ని చల్లని చోటే ఉంచాలి.

పాత బిరడా మెత్తబడి ఉంటుంది. మామూలు కార్క్‌స్క్రూ దిగేటప్పుడు అది నలిగి ముక్కలవుతుంది. రెండు పలుచని ఇనుప రేకులున్న పనిముట్టు ఒకటి దొరుకుతుంది. పొడవు రేకును ముందుగా బిరడాకూ గాజుకూ మధ్య దించి, తరువాత రెండో రేకును అటువైపు దించి, అటూ ఇటూ కొద్దికొద్దిగా కదుపుతూ అడుగంటా దింపాక, మెలితిప్పుతూ పైకి లాగాలి. తొందరపడి నేరుగా కిందికి నొక్కితే బిరడా లోపలికి పడిపోతుంది.

బిరడా తీశాక మూతి లోపలా బయటా శుభ్రమైన బట్టతో తుడవాలి. సెల్‌ఫోన్ టార్చి వెలిగించి, దాని వెలుగు సీసా మెడ కింది నుంచి పైకి వచ్చేలా బల్ల మీద పెట్టుకోవాలి. సీసాను నిదానంగా వంచి, ఒక్క ధారగా, మధ్యలో ఆపకుండా, చేతిని వెనక్కి తీయకుండా పోయాలి. ఆపి మళ్లీ వంచితే లోపల అల పుట్టి మడ్డి మొత్తం లేస్తుంది.

మొదటి ముప్పావు వంతు ముదురు ఎరుపులో తేటగా దిగుతుంది. చూపు కూజా మీద కాకుండా సీసా మెడ మీదే ఉండాలి. కొద్దిసేపటికి సీసా భుజం వంపు దగ్గర సన్నని పొగలాంటి చార కనబడుతుంది. దాని వెనకే నల్లటి నలుసులు కదులుతూ వస్తాయి. ఆ చార మెడలోకి అడుగుపెట్టగానే ఆపేయాలి. సీసాలో అరగ్లాసు దాకా మిగిలిపోతుంది. అది వృథా అనుకుని కూజాలో కలిపేస్తే మొత్తం వైన్ చేదెక్కుతుంది.

వంచిన వెంటనే రుచి చూసి, బాగుంటే అప్పుడే వడ్డించాలి. ఇంకా ముడుచుకుని ఉన్నట్లనిపిస్తే అరగంట ఆగితే చాలు.

8. చల్లదనం, గ్లాసులు

వడ్డించేటప్పుడు 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి. వైన్‌ను గది వేడిమిలో వడ్డించాలనే మాట చలిదేశపు గదులను చూసి పుట్టింది. మన గదులకు అది వర్తించదు.

30 డిగ్రీల సీసా ఫ్రిజ్‌లో ఈ స్థాయికి రావడానికి గంటన్నర పైనే పడుతుంది. వ్యవధి లేనప్పుడు మంచుముక్కలూ నీళ్లూ సగం సగం పోసిన బకెట్‌లో మెడ దాకా ముంచితే పది నిమిషాల్లో పని జరుగుతుంది. ఉత్త మంచుముక్కలు వేస్తే గాజుకు అక్కడక్కడే తగులుతాయి కనుక నీళ్లు తప్పక కలపాలి. వంటింటి థర్మామీటర్ ఉంటే ఊహాగానం అవసరం లేదు. చల్లదనం కాస్త ఎక్కువైనా నష్టం లేదు, గ్లాసులో ఐదారు నిమిషాల్లో సర్దుకుంటుంది. మరీ చల్లబడితే మాత్రం వగరు రెట్టింపుగా తెలుస్తుంది.

గ్లాసు పొట్ట వెడల్పుగా, మూతి ఇరుకుగా ఉంటే చాలు. మూడో వంతుకు మించి నింపకూడదు.

9. వాసనలు: ఏది పోతుంది, ఏది పోదు

ఈ ఒక్క విషయం తెలియక ఎన్నో మంచి సీసాలు సింకులోకి పోతున్నాయి కాబట్టి వివరంగా చెప్పవలసి ఉంది.

కుళ్లిన గుడ్డు, కాలిన అగ్గిపుల్ల, రబ్బరు వాసనలు రిడక్షన్ వల్ల వచ్చేవి. మూర్వెద్రకు ఇవి సహజం. కూజాలో పోసి గట్టిగా గిరగిరా తిప్పితే అరగంట నుంచి రెండు గంటల్లో చాలావరకు పోతాయి. అప్పటికీ కుళ్లిన గుడ్డు వాసన మిగిలితే, చింతపండుతో తోమి కడిగిన శుభ్రమైన రాగి చెంచాతో గ్లాసులోని వైన్‌ను కొద్దిసేపు కలిపి, చెంచా తీసేసి వాసన చూడాలి. ఆ వాసనకు మూలమైన హైడ్రోజన్ సల్ఫైడ్‌ను రాగి పట్టేస్తుంది. ఇది గ్లాసు మట్టుకే చేయాలి. రాగిని వైన్‌లో నానబెట్టి వదిలేయకూడదు.

గుర్రపు జీను, పశువుల కొట్టం వాసనకు బ్రెటనోమైసిస్ అనే ఈస్టు కారణం కావచ్చు. కొద్దిపాటిగా ఉంటే చాలామందికి అది ఇష్టమే. గాలి తగిలినా ఇది పోదు, కొన్నిసార్లు పెరుగుతుంది. రెండు గంటల తరువాత తగ్గితే రిడక్షన్ అనీ, అలాగే ఉంటే ఈస్టు అనీ గుర్తించవచ్చు.

తడిసిన అట్టపెట్టె, బూజుపట్టిన గోనె వాసన బిరడా దోషం. ఎంత గాలి పట్టించినా పోదు, సేపు గడిచేకొద్దీ ముదురుతుంది. అలాంటి సీసాను వెంటనే మూతపెట్టి కొన్న దుకాణానికి తీసుకువెళ్లాలి. మంచి దుకాణాలు మార్చి ఇస్తాయి.

ఉడికిన పండ్ల ముద్ద వాసన, దానికి తోడు గోధుమ రంగు కనిపిస్తే ఎక్కడో ఎండ తగిలిందని అర్థం. దీనికి సవరణ లేదు.

10. భోజనంలో దేనితో

బాందోల్ ఉన్న ప్రోవాన్స్ ప్రాంతంలో ఈ వైన్‌కు జోడు మాంసమే: వెల్లుల్లి, రోజ్‌మేరీ, థైమ్ పట్టించి కాల్చిన గొర్రె తొడ, లేదా మాంసాన్ని రెడ్ వైన్‌లో గంటల తరబడి సన్నని సెగ మీద మగ్గించే దోబ్. కొవ్వు, మాంసకృత్తులు టానిన్ల వగరును తగ్గించి చూపుతాయి.

మన వంటల్లో కారం, పులుపు అడ్డం వస్తాయి. మిరపకారం మంటను ఆల్కహాల్ పెంచుతుంది, వగరు దాన్ని ఇంకా ఎగదోస్తుంది. అందుచేత గుంటూరు కారం దండిగా పడిన కూరతో, గోంగూర మాంసంతో, ఆవకాయతో ఈ రెడ్ పొసగదు. అక్కడ చల్లని బాందోల్ రోజే ఎంతో నయం.

కుదిరేవి ఇవి:

- కారం తగ్గించి మిరియాలు, వెల్లుల్లి మీద నడిపిన మటన్ వేపుడు.
- నూనె రాసి నిప్పుల మీద కాల్చిన వంకాయ, పైన ఉప్పు, మిరియాలు.
- వెన్నలో వేయించిన పుట్టగొడుగులు.
- నెయ్యితో మెత్తగా మగ్గిన, టమాటా, చింతపండు పడని మాంసం కూర.

కొబ్బరి, పెరుగు ఎక్కువగా పడిన కూరలతో రుచి మసకబారుతుంది.

11. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

- భోజనానికి కూర్చున్నాక బిరడా తీయడం. బిరడా తీసి సీసాను అలాగే వదిలేస్తే మెడలోని రూపాయి బిళ్లంత మేరకే గాలి తగులుతుంది. రెండు జగ్గుల మధ్య అటూ ఇటూ ఐదారుసార్లు తిరగబోస్తే కొత్త సీసా కొంత దారికి వస్తుంది. పాత సీసాకు ఇది చేయవద్దు.
- రెడ్ కదా అని చల్లబరచకపోవడం. మంచునీటిలో పది నిమిషాలు ముంచితే సరిపోతుంది.
- బిరడా విరగడం. సగం విరిగి లోపల నిలిస్తే కార్క్‌స్క్రూను ఏటవాలుగా దించి లాగాలి. లోపలికి పడిపోతే శుభ్రమైన పలుచని నూలుబట్టలో వడకట్టాలి. ఆ బట్టకు సబ్బు వాసన ఉండకూడదు.
- పాత సీసాను ఫ్రిజ్‌లో పడుకోబెట్టి అలాగే తెచ్చి తెరవడం. మడ్డి లేచిపోతే వడపోత అంతా పట్టదు. సమయం ఉంటే తిరిగి మూతపెట్టి, చల్లని చోట కొన్ని గంటలు నిలబెట్టి, అప్పుడు తేట వంచుకోవాలి.
- వగరు తగ్గడానికి నీళ్లో సోడానో కలపడం. రుచి విరిగిపోతుంది తప్ప వగరు పోదు. ఒక చీజ్ ముక్కో వేయించిన మాంసమో నమిలి తాగితే తేడా తెలుస్తుంది.

12. మిగిలిపోతే

మూర్వెద్ర వైన్ గాలికి అంత సులువుగా లొంగదు. కొత్త సీసాలో సగం మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచితే మరుసటి రోజు మరింత మెత్తగా ఉండడం సాధారణం. మూడో రోజు దాకా ధైర్యంగా తాగవచ్చు. చిన్న సీసాలోకి మార్చి మూతి దాకా నింపితే ఇంకా నిలుస్తుంది. పదిహేనేళ్లు దాటిన సీసాకు ఈ మాట వర్తించదు, దాన్ని ఆ రాత్రే పూర్తి చేయాలి. అందుకే పాతదాన్ని కనీసం నలుగురు ఉన్నప్పుడు తెరవడం మంచిది.

నాలుగో రోజుకు మిగిలింది వంటకు పనికివస్తుంది. మాంసాన్ని అందులో ఉల్లిపాయ, వెల్లుల్లి, ఒక నారింజ తొక్క ముక్కతో రాత్రంతా ఊరనిచ్చి, మర్నాడు మూతపెట్టి సన్నని సెగ మీద మూడు గంటలు మగ్గించాలి. చివర నల్ల ఆలివ్‌లు వేసి, ఉప్పు అప్పుడు సరిచూసుకోవాలి. ఆలివ్‌లలో ఉప్పు ముందే ఉంటుంది.